రోజూ పది నిమిషాలు

హైదరాబాద్ జైలు,
2 జూన్ 2024.

అక్క రూత్‌కు సుకుమార్ వందనాలు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటా అనుకుంటావు. వారానికి ఒకసారి ఇచ్చే ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు నువ్వు ఏడుస్తావు, రెండు నిమిషాలు నేను ఏడుస్తాను. చెప్పాల్సిన మాట అట్లాగే మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నా. ఇక్కడ మాకు పొద్దున పూట బడి పెడుతున్నారు. పదో తరగతి తప్పిన నాలాంటి వాళ్ళకు ఉత్తరం రాయడం మళ్ళీ నేర్పుతున్నారు. ఇది మా సార్ దిద్దిన ఉత్తరమే. తప్పులుంటే ఆయన్ను తిట్టు, నన్ను కాదు.

సంగతి బాపు బండి గురించి. బాపు పోయి రెండున్నర నెలలైంది. గుండె ఆగిందని నువ్వు ఫోన్లో చెప్పగానే మట్టికి రావడానికి పర్మిషన్ అడిగా. పర్మిషన్ కాగితం వచ్చేసరికి మీరు మట్టి చేసి ఇంటికి వచ్చేశారు. ఆయన మనిద్దరికీ ఇచ్చిపోయింది ఆ తెల్ల వ్యాను కారు ఒక్కటే. నేనైతే ఇక జన్మలో స్టీరింగ్ పట్టను.

నీకు ఒక మాట చెప్పలేదు అక్కా. నేను తాగి లారీ నడిపి పెర్కిట్ దగ్గర గుద్దిన నీలవ్వ వెంటనే చనిపోలేదు. నలభై నిమిషాలు రోడ్డు పక్కన పడి ఉంది. నేను రోడ్డు మీద నిలబడి చేతులెత్తి మొక్కినా ఒక్క బండి ఆగలేదు. టైముకు దవాఖానకు చేరి ఉంటే బతికేదని డాక్టర్ కోర్టులో చెప్పాడు. అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. బాపు బండిని పేద రోగుల్ని మోసేవాళ్ళకు ఎవరికైనా దానంగా ఇచ్చేద్దాం. నేను తీసిన ప్రాణం తిరిగి రాదు. అట్లా రోడ్డు మీద పడినవాళ్ళు ఇంకొకరైనా బతకనీ.

మరొకటి. క్రిస్మస్ ములాఖత్‌లో నేను బాపుకు చెప్పింది యాదుందా? నడపకపోయినా రోజూ పొద్దున పది నిమిషాలు బండి స్టార్ట్ చేసి పెట్టు, లేకుంటే బ్యాటరీ పోతుంది అని. చూపు తగ్గి డ్రైవింగ్ మానేసిన మనిషికి చేతికి ఒక పని ఉంటుందని కూడా చెప్పా. ఇప్పుడు ఆ పని నువ్వు చేస్తున్నావా? చచ్చిన బ్యాటరీతో బండి దానమిస్తే ముష్టి వేసినట్టు ఉంటుంది.

యాకోబు డ్రైవర్ కొడుకు,
సుకుమార్

ఆర్మూర్,
23 జూన్ 2024.

తమ్మీ,

నీ ఉత్తరం గోదాముకు తీసుకుపోయి, అన్నం తినే టైములో చదువుకున్నా. పొద్దుటి నుంచి పసుపు కొమ్ములు, గోళాలు వేరు చేసిన చేతులు కదా, కాగితమంతా పసుపు అంటింది. మీ సార్ పెట్టిన ఎర్ర గీతలు కనబడకుండా పోయాయి. నేను పుస్తకం భాషలో రాస్తున్నానని నవ్వకు. పెన్ను పట్టుకుంటే చాలు, ఏడో తరగతి తెలుగు టీచరమ్మ చెవి మెలిపెట్టినట్టే ఉంటుంది.

నీలవ్వ సంగతి చదివి అన్నం గిన్నె మూసేశా. నువ్వు అనుకున్నది మంచి పనే. నేను కాదనను. కానీ అంత తొందర ఏముంది? నువ్వు వచ్చినంక ఇద్దరం కలిసి ఇవ్వొచ్చు కదా.

వద్దు, ఇప్పుడే అంటే సరే. ఆర్టీవో ఆఫీసు బయట కాగితాలు రాసే ఆయన్ను అడిగా. బండి బాపు పేరు మీద ఉంది కాబట్టి వారసులిద్దరం అభ్యంతరం లేదని సంతకం పెట్టాలట. నీ కాగితం ఇందులో పెడుతున్నా. జైలు సార్ ముందర సంతకం పెట్టి పంపు.

బ్యాటరీ సంగతి నేను చూసుకుంటా. ఆ మాట మళ్ళీ మళ్ళీ రాయకు.

సరిగ్గా తిను. అక్కడి అన్నంలో రాళ్ళు వస్తే చూసి నములు, నీ పళ్ళు అసలే మంచివి కావు.

అక్క,
రూత్

హైదరాబాద్ జైలు,
14 జూలై 2024.

అక్కకు వందనాలు.

కాగితం అందింది. చదివి ఎంత సంతోషమైందో! కానీ ‘ఎవరికి ఇస్తున్నారు’ అన్న గడి ఖాళీగా ఉంది. అందులో పేరు పడినంకనే సంతకం పెడతా. కోపం తెచ్చుకోకు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇక్కడికి వచ్చినవాళ్ళు మా బ్యారక్‌లోనే ముగ్గురున్నారు.

ముందు మన చర్చివాళ్ళ ముసలోళ్ళ ఆశ్రమంలో అడుగు. లేదంటే డయాలసిస్‌కు నిజామాబాద్ పోయివచ్చే పేషంట్ల సంఘం ఒకటి ఉందన్నావు కదా, వాళ్ళను అడుగు. వారానికి మూడుసార్లు బస్సులో నిలబడి పోతారు పాపం.

రోజూ స్టార్ట్ చేయమంటే నీకెందుకంత కోపం? బాపు ఒక్కరోజు కూడా తప్పలేదని, క్యాలెండర్ మీద గీత పెట్టుకునేవాడని నువ్వే చెప్పావు. కళ్ళు కనబడని ముసలాయన చేసిన పని నువ్వు చేయలేవా? తాళం తిప్పడమే కదా! బండిని మాత్రం బయట పెట్టకు, ఎండకు రంగు పోతుంది. షెడ్డులోనే స్టార్ట్ చేయి.

ఇప్పుడు నాకు నిద్ర పడుతోంది అక్కా. ఎవరో ముసలామె మన బండిలో కాళ్ళు చాపుకొని దవాఖానకు పోతున్నట్టు అనుకుంటూ పడుకుంటా.

యాకోబు డ్రైవర్ కొడుకు,
సుకుమార్

ఆర్మూర్,
8 సెప్టెంబర్ 2024.

తమ్మీ,

ఆలస్యమైందని తిట్టుకుంటున్నావేమో. తిరుగుతూనే ఉన్నా.

ఆశ్రమానికి పోయా. పాస్టరయ్య మొదట సంతోషంగా తీసుకుంటామన్నాడు. వారం తర్వాత కబురు పంపాడు, డ్రైవర్ లేడట. డయాలసిస్‌వాళ్ళు ఇంకా పెద్ద బండి కావాలన్నారు. దివ్యాంగుల బడి ఒకటి ఉంటే అక్కడికీ పోయా. ఇన్సూరెన్స్ అదీ ఇదీ అని ఏదో చెప్పారు, నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఏం చేయమంటావు చెప్పు.

మొన్న పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తారంటే గోదాము ఆడవాళ్ళమంతా బస్సులో పోయి చూశాం. నీళ్ళు అంత ఎత్తున దుముకుతుంటే అందరూ కేకలు వేశారు. నాకు మాత్రం బాపు మనల్ని బండిలో తీసుకుపోయిన రోజే కళ్ళ ముందు ఆడింది. నువ్వు కట్ట మీద చేపల వేపుడు తిని బండిలో కక్కుకున్నావు. ఆయన ఒక్క మాట అనకుండా కడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక పక్కకు కూర్చొని బాగా ఏడ్చా.

పక్కింటి భూమవ్వ నిన్ను అడిగానని రాయమంది. ఈ మధ్య ఆమె మన వాకిట్లోకి రావడం లేదు. మోకాళ్ళ నొప్పులు.

అక్క,
రూత్

హైదరాబాద్ జైలు,
6 అక్టోబర్ 2024.

అక్కకు,

ఊరికే ఇస్తామంటే వద్దన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఒకళ్ళు వద్దన్నారంటే నమ్ముతా. ముగ్గురూనా?

దొంకేశ్వర్ నుంచి దేవరాజు అని ఒకతను మా బ్యారక్‌కు కొత్తగా వచ్చాడు. వాళ్ళ చెల్లెలు మన గల్లీలోనే ఉంటుందట. నేను యాకోబు డ్రైవర్ కొడుకునని చెప్పగానే నా మొఖం చూసి తల దించుకున్నాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. “షెడ్డుకు రెండు తాళాలున్నయన్నా. మార్చి నుంచి మీ అక్క తెరుస్తనే లేదంట. నిర్మల్ బ్రోకర్ ఒకడు బండి కోసం మీ ఇంటికొచ్చిండంట.”

రెండు తాళాలు ఎందుకు? మార్చి నుంచి తెరవకపోతే నువ్వు స్టార్ట్ చేస్తున్నది ఏ బండిని? ఆ బ్రోకర్‌కు మన ఇంట్లో ఏం పని?

నిజం చెప్పు అక్కా. బండి అమ్ముతున్నావా?

సుకుమార్

ఆర్మూర్,
27 అక్టోబర్ 2024.

సుకుమార్‌కు,

అమ్మడం లేదు. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు.

బ్రోకర్ వచ్చాడు. పొరుగు జిల్లావాడు, ఊరి సంగతి తెలియక వచ్చాడు. గడప కూడా తొక్కనివ్వలేదు. నీ బావ పోయిన పదకొండేళ్ళ నుంచి ఈ చేతులతో పసుపు ఏరుకొనే బతుకుతున్నా. బాపు బండి అమ్ముకు తినేంత గతి లేనిదాన్ని కాదు.

ఎవరో ఒకరు దొరుకుతారు, నేను వెతుకుతా. ఆ గడి ఖాళీగానే ఉంచి సంతకం పెట్టి పంపు. అక్క మీద ఆ మాత్రం నమ్మకం లేదా నీకు?

తాళాలు నా ఇష్టం. షెడ్డు గురించి ఇంకేం అడగకు.

రూత్

హైదరాబాద్ జైలు,
1 డిసెంబర్ 2024.

రూత్‌కు,

సంతకం పెట్టను. కాగితం చింపేశా.

దేవరాజును మళ్ళీ పట్టుకొని అడిగా. ఆ రోజు బాపును బతికుండగా అసలు ఏ దవాఖానకూ తీసుకుపోలేదట కదా! మనిషి పోయినంకనే తీసుకుపోయారట. ఇంత సంగతి నాకు ఎనిమిది నెలలు చెప్పలేదు నువ్వు.

షెడ్డులో బండి ఉంది. గల్లీలో నలుగురు డ్రైవర్లున్నారు. ఇంట్లో బండి పెట్టుకొని బాపును దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదు? పెర్కిట్ రోడ్డు మీద ఆగని బండ్లకూ నీకూ తేడా ఏంది? వాళ్ళకు నీలవ్వ ఎవరో తెల్వదు. నీకు ఆయన కన్నతండ్రి. నేను తాగిన మత్తుల చంపిన. నువ్వు తెలివి మీద ఉండి చంపినవ్.

జవాబు రాయకున్నా ఏం ఫికర్ లేదు.

సుకుమార్

ఆర్మూర్,
15 డిసెంబర్ 2024.

ఒరేయ్ సుకుమార్,

గీ ఉత్తరం పుస్తకం భాషల రాసుడు నాతోని కాదు. నోటికొచ్చినట్టే రాస్త.

బాపును బండిల ఎందుకు తీస్కపోలేదని అడిగినవ్ గదా. బాపు బండిలనే ఉండెరా.

మార్చి పంతొమ్మిది, మంగళవారం. నేను గోదాముకు పోయేటప్పుడు ఎండ మస్తుగనే ఉండె. భూమవ్వ ఏటా ఉడకబెట్టిన పసుపు మన వాకిట్లనే ఆరబోస్తది, నీకెరుకే. పదింటికి ఎక్కడిదో గాలి, వాన. గోదాముల మేము పరదాలు పట్టుకొని ఉరుకుతున్నం. ఇంటికాడ బాపు, భూమవ్వ కలిసి పసుపంత సంచులకెత్తి షెడ్డుల పెట్టిన్రు. జల్లు లోపటికి కొడ్తుంది, పసుపు నానితే ఆమె ఏడాది కష్టం పోతదని బాపు లోపట నిలబడి షట్టర్ కిందిదాంక గుంజుకున్నడు. “నువ్వు ఇంటికి పో భూమవ్వా, వాన తగ్గేదాంక నేను గీడనే ఉంటా, బండి గూడ స్టార్ట్ చేసేదుంది” అన్నడట. గదే ఆఖరి మాట.

మూడింటికి నేనొచ్చిన. షట్టర్ ఎత్తంగనే పొగ. ఇంజన్ బందై ఉంది, పెట్రోల్ ఒడిసేదాంక నడిచిందంట. బాపు స్టీరింగ్ ముంగట కూసున్నడు. నిద్రపోయిండనుకొని భుజం పట్టి ఊపిన. లే బాపూ, చాయ్ పెడ్త అన్న. నాలుగుసార్లు అన్నరా.

మూసిన షెడ్డుల పొగకు బయటికి పోయే తొవ్వ లేకుంటే, లోపలున్న మనిషికి తెల్వకుంటనే పానం పోతదని డాక్టర్ చెప్పిండు. పోలీసులొచ్చి రాసుకపోయిన్రు. ఇంటికొచ్చి క్యాలెండర్ చూసిన. పంతొమ్మిది మీద గూడ గీత ఉంది. పొద్దుగాలనే గీత పెట్టుకున్నడు, పని తర్వాత చేద్దామని.

ఊరందరికి ఎరుకే. గందుకే ఎవ్వరు తీసుకుంటలేరు. పాస్టరయ్య ప్రార్థన చేసి తీసుకుందామన్నడు గని, యాకోబు చచ్చిన బండి మేమెక్కమని ముసలోళ్ళు మొండికేసిన్రు. డయాలసిస్‌కు పోయెటోళ్ళ ఇంటోళ్ళయితే నా మీదికే లేసిన్రు. “పానం మీదికొచ్చినోళ్ళను గా బండిల కూసోబెట్టాల్నా, నీకు బుద్ధుందా” అన్నరు. గన్ని మాటలు పడ్డ. నీకు డ్రైవర్ లేడని రాసిన, ఇన్సూరెన్స్ అని రాసిన. భూమవ్వకు మోకాళ్ళ నొప్పులు గాదు, తన పసుపు కోసమే బాపు పోయిండని నా మొఖం చూడలేకపోతుంది. దేవరాజుకు అంత ఎరుకే. ఆయన చెల్లెలి కాళ్ళు పట్టుకున్న, నీకు చెప్పొద్దని.

స్టార్ట్ చెయ్యి, స్టార్ట్ చెయ్యి అని నువ్వు రాసినప్పుడల్ల గా కాగితం పొయిల పెట్టాలనిపించేది. గుండె ఆగిందని అబద్ధం ఎందుకు చెప్పిన్నో ఇప్పుడన్న సమజైందా? చచ్చేదాంక చెప్పొద్దనుకున్న. తెలివి మీద ఉండి చంపినవన్నవ్. గా మాటకు ఆగలేకపోయిన.

నీ తప్పు లేదు తమ్మీ. స్టార్ట్ చెయ్యమన్నవ్ గని షట్టర్ గుంజుకోమన్నవా? వాన తప్పు. వానదే తప్పు.

గీ ఉత్తరం మూడుసార్లు రాసి చింపిన. నాలుగోది పంపుతున్న.

అక్క

ఆర్మూర్,
26 జనవరి 2025.

తమ్మీ,

నలభై రోజులైంది. నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఫోన్ టైములో నీ పేరు పిలిచినా రావడం లేదని అక్కడి సార్ చెప్పాడు. క్రిస్మస్‌కు నేను వచ్చి గేటు బయట సాయంత్రం దాకా కూర్చున్నా. నువ్వు రానన్నావట. తెచ్చిన కేకు అక్కడ కూర్చున్న పిల్లలకు పెట్టి వచ్చా.

ఒక సంగతి చెప్పాలి. పసుపు పాలిష్ మిషన్ నడిపే నజీర్ సాబ్ నీకు తెలుసు కదా. ఆయనా, ఇంకో నలుగురూ కలిసి దిక్కులేని శవాలను పెద్ద దవాఖాన నుంచి తెచ్చి, వాళ్ళ వాళ్ళ మతం ప్రకారం సాగనంపుతారు. పేదవాళ్ళ శవాలను ఊళ్ళకు చేరుస్తారు. కిరాయి బండ్లవాళ్ళు శవమంటే రారని, దొరికిన ట్రాలీలోనే మోస్తున్నారు.

మొన్న ఆయనే ఇంటికి వచ్చాడు. “బండి గురించి విన్న బేటీ. ఎవ్వరు తీసుకుంటలేరంట. మాకిస్తవా?” అన్నాడు. అందులో ఏమైందో మీకు తెలుసు కదా అన్నా. “ఎరుకే. మా సవారీలు అడగరమ్మా, ఇందుల ఎవరు చచ్చిండ్రని” అన్నాడు.

తాళాలు ఇచ్చా. నేను లోపలికి పోలేదు. వాళ్ళే బండిని నెట్టుకుంటూ రోడ్డు మీదికి తెచ్చి, ఎండలో పెట్టి, కొత్త బ్యాటరీ వేసి చూశారు. రెండోసారికి స్టార్ట్ అయింది. ఆ చప్పుడు వినగానే భూమవ్వ బయటికి వచ్చింది. మార్చి తర్వాత మొదటిసారి నా పక్కన నిలబడింది. ఇద్దరం పట్టుకొని ఏడ్చాం.

అయితే నజీర్ సాబ్ బండి తీసుకుపోలేదు. “నీ తమ్ముడు రోగుల కోసమని మొక్కుకున్నడు. ముర్దాలకు ఇచ్చుడు ఆయనకు ఇష్టమేనా? అడుగు. ఆయన మనసు లేకుండ నేను ముట్ట” అన్నాడు. బండి మళ్ళీ షెడ్డులోకి పోయింది. గడిలో ఆయన పేరు రాసి కొత్త కాగితం పెడుతున్నా.

ఇష్టం లేకపోతే లేదని రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు. ఒక్క ముక్క రాయి చాలు. బతికున్నావని నాకు తెలియాలి.

అక్క,
రూత్

హైదరాబాద్ జైలు,
23 ఫిబ్రవరి 2025.

అక్కకు,

బతికే ఉన్నా. బడికి పోవడం మానేశా, అందుకే ఇది దిద్దకుండా వస్తోంది.

నిన్ను అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఏం రాయాలో తెలియక ఇన్ని రోజులు రాయలేదు. ఇప్పటికీ తెలియదు. అన్ని నెలలు నువ్వు ఒక్కదానివే మోశావు, నేను పైనుంచి రాళ్ళు వేశా.

వాన తప్పని రాశావు. కోర్టులో నేనూ అట్లాగే చెప్పా, రోడ్డు తప్పు, బ్రేకు తప్పు అని. జడ్జి ఒప్పుకోలేదు. నా మీద ఉన్నది నీలవ్వ కేసు ఒక్కటే, అది వచ్చే ఏడాదికి అయిపోతుంది. బాపు కేసు ఎవరూ పెట్టలేదు కాబట్టి అది అయిపోయేది లేదు. ఈ మాటకు జవాబు రాయకు, నన్ను సముదాయించకు.

బండి నజీర్ సాబ్‌కు ఇవ్వు. ఇష్టమే. ఆ రోజు నీలవ్వను చివరకు ఎవరిదో ట్రాక్టర్‌లో, పసుపు బస్తాల మధ్య పడుకోబెట్టి మార్చురీకి తీసుకుపోయారు. కాళ్ళు బయటికి వేలాడుతూనే ఉన్నాయి. ఇంకెవరూ అట్లా పోవద్దు.

ఆయనకు చెప్పు. ఎడమ తలుపు కొంచెం ఎత్తి వేయాలి, లేకుంటే పడదు. రెండో గేరు బిగుతుగా ఉంటుంది, తొందరపడొద్దు. వానాకాలం హారన్ దానంతట అదే మోగుతుంది, బాపు ఒక వైరు పీకి పెట్టేవాడు. బ్యాటరీ గురించి ఏమీ చెప్పకు.

షెడ్డు షట్టర్ పీకించి ఇనుప సామానువాడికి వేసేయి. నేను వచ్చేసరికి అది ఉండొద్దు.

సంతకం పెట్టిన కాగితం ఇందులో ఉంది. జైలు సార్ ముద్ర కూడా వేశాడు. కింద ‘మృతునితో సంబంధం’ అని ఒక గడి ఉంది, చూడు. కొడుకు అని రాశా. ఆ ఒక్క మాట రాయడానికి రెండు రోజులు పట్టింది.

సుకుమార్